టెక్సస్ ఒక వారంలో: ఏది పడుతుంది, ఏది పట్టదు? (చర్చ)

ప్లేనో_పిచ్చుక
మార్చి ఆఖరి వారం, 7 రోజులు. డాలస్‌లో బయల్దేరి డాలస్‌కే తిరిగి రావాలి. ఒకే కారు. 65 దాటి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఇద్దరు, 6 ఏళ్ళ పాప, మేమిద్దరం. ప్రస్తుతానికి లిస్టులో శాన్ ఆంటోనియో, ఎన్‌చాంటెడ్ రాక్, నాసా, గాల్వెస్టన్, బిగ్ బెండ్ ఉన్నాయి. ఏది తీసేయాలి? పెద్దవాళ్ళది విజిటర్ వీసా, కాగితాల సంగతి కూడా చెప్పగలరు.

అలసిన_స్టీరింగ్
బిగ్ బెండ్ కొట్టేయండి. డాలస్ నుంచి అక్కడికి దాదాపు 550 మైళ్ళు, మధ్యలో ఎక్కడా ఆగకపోయినా 9 గంటలు. పోనూ రానూ రెండు రోజులు కారులోనే గడిచిపోతాయి.

మిగతావన్నీ ఒక త్రిభుజంలో ఇముడుతాయి. డాలస్ నుంచి శాన్ ఆంటోనియో 275 మైళ్ళు, అక్కణ్ణుంచి హ్యూస్టన్ 200, హ్యూస్టన్ నుంచి డాలస్ 240. శాన్ ఆంటోనియోలో 3 రాత్రులు, హ్యూస్టన్ వైపు 2 రాత్రులు, వెళ్ళేటప్పుడు ఆస్టిన్‌లో ఒక రాత్రి పెట్టుకోండి. రోజుకో హోటల్ మారిస్తే పెద్దవాళ్ళకు పెట్టెలు సర్దడమే యాత్ర అవుతుంది.

ఐ-35 మీద ఆస్టిన్‌ను సాయంత్రం 4 నుంచి 7 మధ్య దాటాలనుకోవద్దు. తప్పనిసరైతే జార్జ్‌టౌన్ దగ్గర 130 టోల్ రోడ్డు ఎక్కి సెగీన్ దాకా పోయి ఐ-10లో కలవండి. ఆ రోడ్డు దక్షిణ భాగంలో వేగపరిమితి 85 మైళ్ళు, దేశంలో ఇంతకన్నా ఎక్కువ ఎక్కడా లేదు. డాలస్ టోల్‌ట్యాగ్ అక్కడా పనిచేస్తుంది. అద్దె కారైతే టోల్ డబ్బుతో పాటు కంపెనీ సర్వీస్ చార్జీ కూడా పడుతుంది, కారు తీసుకునేటప్పుడే అడగండి.

కరీంనగర్_టు_కేటీ
పైన చెప్పింది కరెక్టే. నాసా గురించి నేను చెప్త. స్పేస్ సెంటర్ హ్యూస్టన్ల లోపటి మ్యూజియం పొద్దుందాక చూడొచ్చు, కానీ అసలు సరుకు ట్రామ్ టూర్లనే ఉంటది. ట్రామ్‌కు టైమ్ స్లాట్ వేరే తీస్కోవాలె, గేటు తెరిచే టైమ్‌కు పోతెనే మంచిది. మధ్యాహ్నం మబ్బు పట్టి మెరుపులొస్తే ట్రామ్ ఆపేస్తరు.

అపోలో రోజుల మిషన్ కంట్రోల్ గదిని 2019ల పాత రూపానికి తెచ్చిన్రు. అది చూడాలంటే 87 మెట్లెక్కాలె, లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకు రాకెట్ పార్క్ ట్రామ్ బెస్టు. 363 అడుగుల సాటర్న్ 5 రాకెట్ షెడ్డుల పండుకోబెట్టి ఉంటది, దాని వెంబడి చదునుగ నడుసుడే. బయట 747 విమానం మీద స్పేస్ షటిల్ నమూనా ఉంది. షటిల్ నమూనానే కానీ, కిందున్న విమానం మాత్రం నాసా షటిళ్ళను మోసిన అసలుది.

మన గుంటూర్ల పుట్టి, అంతరిక్షంలకు పోయొచ్చిన శిరీష బండ్ల పెరిగింది హ్యూస్టన్లనే. పాపకు చెప్పున్రి, నడుసుడు కొంచెం హుషారుగ ఉంటది.

మోకాలి_మిత్రుడు
ఎన్‌చాంటెడ్ రాక్ మీద నాకు అనుమానమే. గులాబీ రంగు గ్రానైట్ గుండు అది, చుట్టూ నేల నుంచి 425 అడుగుల ఎత్తు. మెట్లు లేవు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, ఏటవాలు రాయి మీద నడకే. ఎక్కేటప్పుడు ఆయాసమే ఇబ్బంది. దిగేటప్పుడు భారమంతా మోకాళ్ళ మీద పడుతుంది. రాయి తడిసి ఉంటే ఎవరూ ఎక్కకపోవడమే మేలు.

పాపతో మీరిద్దరూ ఎక్కండి, పెద్దవాళ్ళు కింద పిక్నిక్ బల్లల దగ్గర కూర్చుంటారు. ఒక్కొక్కరికి లీటరు నీళ్ళు, గట్టి అడుగున్న బూట్లు కావాలి, చెప్పులతో వద్దు. శిఖరం మీది గుంటల్లో వాననీరు నిలిచి ఉంటుంది. వాటిలో బతికే చిన్న జీవాలు ఉంటాయి కాబట్టి కాళ్ళు పెట్టనివ్వొద్దు.

డే పాస్ ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి. వసంతంలో వారాంతపు పాస్‌లు చాలా ముందే అయిపోతాయి, పాస్ లేకపోతే గేటు దగ్గర వెనక్కి పంపుతారు. 12 ఏళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. స్టేట్ పార్క్స్ వార్షిక పాస్ ఉంటే ప్రవేశ రుసుము మిగులుతుంది గానీ, రద్దీ పార్కుల్లో రిజర్వేషన్ అప్పటికీ చేసుకోవాల్సిందే. చాలామంది పొరబడేది ఇక్కడే.

ప్లేనో_పిచ్చుక
87 మెట్ల సంగతి తెలియదు, థాంక్స్. బదులుగా గుహలు పెట్టుకుంటే? శాన్ ఆంటోనియో దగ్గర నాచురల్ బ్రిడ్జ్ కావర్న్స్ అని విన్నాం.

మోకాలి_మిత్రుడు
గుహలు బాగుంటాయి, అయితే చూడ్డానికి వెళ్ళే ముందు మూడు విషయాలు. లోపల ఏడాది పొడవునా 70 డిగ్రీల ఫారెన్‌హీట్, తేమ దాదాపు 99 శాతం. కాబట్టి చల్లగా కాదు, ఉక్కగా ఉంటుంది. స్వెటర్ మోసుకెళ్ళొద్దు, కళ్ళజోడుకు మాత్రం ఆవిరి పడుతుంది. దారి సాఫుగానే ఉంటుంది గానీ తడి, ఏటవాలు ఎక్కువ. 180 అడుగుల లోతుకు దిగి మళ్ళీ ఎక్కాలి. స్ట్రోలర్ లోపలికి రానివ్వరు.

దారిలోనే చూడాలంటే జార్జ్‌టౌన్‌లో ఇన్నర్ స్పేస్ ఉంది, ఐ-35 పక్కనే. 1963లో ఆ హైవే వంతెన కోసం డ్రిల్లింగ్ చేస్తుంటే బయటపడిన గుహ అది.

శాన్_ఆంటోనియో_సాంబారు
అలమో చర్చి లోపలికి ఉచితమే, అయితే టైమ్ స్లాట్ ముందే తీసుకోవాలి. చాలామంది అలమో ఒక్కటి చూసి "ఇంత చిన్నదా" అని వెనుదిరుగుతారు. 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది అలమోతో కలిపి అయిదు మిషన్లు (స్పానిష్ పాదిరీలు కట్టిన పాత చర్చి ఆవరణలు). మిగతా నాలుగూ దక్షిణాన నది వెంట ఉన్నాయి, ప్రవేశం ఉచితం. పార్కింగ్ గుమ్మం దగ్గరే కాబట్టి పెద్దవాళ్ళకు సుఖం. ఒక్కటే చూడగలిగితే శాన్ హోసే చూడండి. పేరును "జోస్" అని చదవకండి.

రివర్ వాక్ వీధి మట్టానికి ఒక అంతస్తు కింద ఉంటుంది. చాలాచోట్ల మెట్లే, ర్యాంపులూ లిఫ్టులూ కొన్ని చోట్లే. ఎక్కడున్నాయో మ్యాప్‌లో చూసుకుని దిగండి. నీటి అంచున కమ్మీ ఉండదు, పాప చెయ్యి వదలొద్దు. నడక బదులు 35 నిమిషాల పడవ షికారు చాలు.

తిండి: శాకాహారులు టెక్స్-మెక్స్ హోటళ్ళలో "బీన్స్, రైస్" అనగానే నిశ్చింతగా ఉండొద్దు. రీఫ్రైడ్ బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో చికెన్ రసం వాడే చోట్లున్నాయి, అడిగి తినండి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, ఆవకాయ సీసా డిక్కీలో ఉంటే హెచ్-ఇ-బి దుకాణంలో పెరుగు కొనుక్కుని గండం గడిపేయొచ్చు.

గబ్బిలం_గడియారం
ఆస్టిన్‌లో రాత్రి ఉంటారు కదా, కాంగ్రెస్ అవెన్యూ వంతెన గబ్బిలాలు చూడొచ్చు. 1980లో వంతెన బాగుచేసినప్పుడు అడుగున మిగిలిన సన్నని సందుల్లో చేరాయవి. వేసవికి 15 లక్షల దాకా ఉంటాయంటారు. కానీ మీది మార్చి. మెక్సికో నుంచి అప్పుడప్పుడే వస్తుంటాయి కాబట్టి ఆగస్టు నాటి జోరు ఉండదు. పిల్లలు జూన్‌లో పుట్టి ఎగరడం నేర్చాకే ఆ గుంపు. సూర్యాస్తమయానికి అరగంట ముందే వంతెన తూర్పు వైపు నిలబడండి. టోపీ పెట్టుకోండి, పైనుంచి చినుకులు పడతాయి, వాన కాదు.

బార్టన్ స్ప్రింగ్స్ ఈతకొలనును గురువారం పగలంతా శుభ్రం చేయడానికి మూసేస్తారు. హామిల్టన్ పూల్‌కు రిజర్వేషన్ ఉన్నా ఈతకు అనుమతి ఉంటుందన్న హామీ లేదు. నీటిలో బాక్టీరియా పెరిగినా, పై నుంచి రాళ్ళు రాలుతున్నా ఆపేస్తారు.

అలసిన_స్టీరింగ్
బ్లూబానెట్ల గురించి ఎవరూ చెప్పలేదేం? మార్చి ఆఖరంటే హిల్ కంట్రీలో పూల కాలం. దక్షిణాన ముందు పూస్తాయి, డాలస్ దగ్గరి ఎన్నిస్‌లో ఏప్రిల్ నడిమికి గానీ నిండవు. కాబట్టి ఎన్నిస్ కోసం దారి మళ్ళొద్దు, ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర 13 మైళ్ళ విల్లో సిటీ లూప్ చూడండి. రోడ్డుకు రెండు వైపులా ప్రైవేటు భూమి. కారులోంచే చూడాలి, కంచె దాటడం నేరం.

ఇంకెక్కడైనా ఫొటో కోసం పూలలో కూర్చోబెట్టే ముందు నేల చూడండి. వదులుగా పోసిన మట్టికుప్పలా ఉంటే అది ఫైర్ యాంట్స్ పుట్ట. మన ఎర్రచీమలకు పెద్దన్నలు. పాములు కూడా అప్పుడే బయటికొస్తాయి.

కరీంనగర్_టు_కేటీ
గాల్వెస్టన్ గురించి ముందే చెప్త, నీళ్ళు నీలంగ ఉండవు. నదుల ఒండ్రుతోని గోధుమరంగుంటది, మురికి కాదు. మార్చిల చల్లగ కూడ ఉంటది, కాళ్ళు తడుపుకునుడే. రాతి కట్టల పక్కన నీళ్ళల్లకు దిగొద్దు, లోపలికి గుంజే ప్రవాహం ఉంటది. బోలివార్‌కు పోయే ఫెర్రీ ఫ్రీ, 18 నిమిషాలు, కారుతో సహా ఎక్కొచ్చు. డాల్ఫిన్లు కనవడ్తయి. పెద్దోళ్ళకు బీచ్ కంటె ఇదే నచ్చుతది.

వాపస్ వచ్చేటప్పుడు పేర్‌లాండ్ మీనాక్షి గుడి ఎక్కువ దూరం కాదు. షుగర్ ల్యాండ్ అష్టలక్ష్మి గుడిల 2024 ఆగస్టుల పెట్టిన 90 అడుగుల హనుమంతుడున్నడు, చిన జీయర్ స్వామి సంకల్పం. అమ్మనాన్నలు నాసా కంటె దీని గురించే ఊర్ల చెప్తరు, రాసిపెట్టుకోండి.

పడమటి_గాలి
కాగితాల విషయం. 18 నిండిన, పౌరులు కాని వారు ఇమిగ్రేషన్ పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది చట్టం. పెద్దవాళ్ళకు పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు. హెచ్-1బి వారికి పాస్‌పోర్ట్, ఐ-94, ఐ-797 (వీసా ఆమోద పత్రం) నకలు. మీ త్రిభుజం దారిలో శాశ్వత బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు తగలదు. సౌత్ పాద్రే దీవి నుంచి ఉత్తరానికి వచ్చేటప్పుడు ఫాల్ఫురియాస్, సరీటా దగ్గర తగులుతుంది, బిగ్ బెండ్ నుంచి వచ్చేటప్పుడు కూడా. ఫోన్‌లో ఫొటో చాలదు.

ఇక బిగ్ బెండ్ మీద మనసుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య విడిగా 5 రోజులు పెట్టుకోండి. మారథాన్‌లో ట్యాంకు నింపాలి, పార్క్ హెడ్‌క్వార్టర్స్ దాకా 70 మైళ్ళు బంకు లేదు. సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ఆఫ్‌లైన్లో దించుకోండి. నది ఒడ్డుకూ చీసోస్ కొండలకూ 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటుంది, రెండు రకాల బట్టలు కావాలి. సాంతా ఎలీనా నడక పోనూ రానూ 1.7 మైళ్ళే గానీ మొదట్లోనే టెర్లింగ్వా వాగు దాటాలి. వానలు పడితే మోకాలి లోతు బురద. బోకియాస్ దగ్గర పడవ ఎక్కి మెక్సికోలో అడుగుపెట్టే ముందు, పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంపు గడువు చూసుకోండి.

ప్లేనో_పిచ్చుక
బిగ్ బెండ్ తీసేశాం. ఆస్టిన్ 1, శాన్ ఆంటోనియో 3, క్లియర్ లేక్ (నాసా పక్కనే) 2. ఎన్‌చాంటెడ్ రాక్‌ను మంగళవారానికి మార్చితే పాస్ దొరుకుతుందా?

మోకాలి_మిత్రుడు
స్ప్రింగ్ బ్రేక్, ఈస్టర్ వారం కాకపోతే మంగళవారం సులువే. ఉదయం 9 లోపు చేరండి, మధ్యాహ్నానికి రాయి కాలుతుంది.