వాటర్ ప్లాంటు పైపులో బయోఫిల్మ్: కాంతి సెన్సర్‌తో ముందే పట్టుకోవడం ఎలా?

ప్రశ్న (విజయవాడ, పటమట):
నమస్కారమండీ. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు కోసం మా వీధి వాటర్ ప్లాంటులో, బోరు నీళ్లు ఆర్‌ఓలోకి వెళ్లే చోట గాజు గొట్టానికి ఒక పక్క ఎర్ర ఎల్‌ఈడీ, ఎదురుగా వెలుగును కొలిచే ఫొటోడయోడ్ పెట్టాను. రీడింగ్ రోజూ మధ్యాహ్నం పడిపోతోంది, రాత్రికి మళ్లీ లేస్తోంది. ఇది గోడకు పట్టే బ్యాక్టీరియా పొర (బయోఫిల్మ్) వల్లేనా?

జవాబు (గుంటూరు, మైక్రోబయాలజీ ల్యాబ్):
కాదు బాబూ. గోడకు పట్టిన పొర రాత్రికి ఊడిపోయి మధ్యాహ్నానికి మళ్లీ పట్టదు. వేడెక్కితే ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది, ఎర్రదానికి మరీనూ. పైగా మన ఎండలు. నీళ్లతో పనిలేకుండా ఆ ఎల్‌ఈడీనే నేరుగా చూసే రెండో ఫొటోడయోడ్ పెట్టి, రెండింటి నిష్పత్తి తీసుకో.

అసలు చిక్కు వేరే ఉంది. ఒక్క వరస బ్యాక్టీరియా కణాలు పడితే ఇటు నుంచి అటు పోయే కాంతి తగ్గేది బహు స్వల్పం. నీటి మడ్డి వల్ల వచ్చే తేడాల్లో అది కనపడదు. అందుకని మైక్రోస్కోపు స్లైడును ఒక పక్క నీళ్లు తగిలేలా పెట్టి, దాని అంచులోంచి వెలుగు పంపు. గాజు తలానికి గీసిన లంబానికి 61 డిగ్రీలు దాటి వాలిన కాంతి సంపూర్ణాంతర పరావర్తనంతో గాజులోనే పోతుంది. నీటివైపు దాని ప్రభావం కొన్ని వందల నానోమీటర్ల లోపే. స్లైడును అంటుకున్న బ్యాక్టీరియా దాన్ని చెదరగొడుతుంది, నీళ్లలో తేలిపోయేవి దాదాపు కనపడవు. వెనక చీకట్లో ఉన్న ఫొటోడయోడ్‌కు ఆ చెదిరిన వెలుగే సిగ్నల్.

ప్రశ్న:
మేడమ్, ఉప్పు పేరుకున్నా వెలుగు చెదురుతుంది కదా?

జవాబు:
చెదురుతుంది. బోరు నీటివైపు ఆ బాధ తప్పదు. సెన్సర్‌ని ఆర్‌ఓ తర్వాత, క్యాన్లు నింపే కుళాయికి వెళ్లే పైపులో పెట్టు. అక్కడ ఉప్పు తక్కువ, బ్యాక్టీరియాను అడ్డుకోవడానికి క్లోరిన్ ఉండదు. యూవీ దీపం ఉన్నా తన ముందు నుంచి పోయే కణాలనే చంపుతుంది, ఆ తర్వాతి పైపు గోడకు పట్టినదాని జోలికి పోదు. జనం తాగేది ఆ పైపు నీళ్లే బాబూ, కనిపెట్టాల్సింది అక్కడే.

నమ్మేముందు సరిచూసుకో. అదే నీళ్లలో కొన్ని స్లైడు ముక్కలు వేలాడదీసి, అప్పుడొకటి ఇప్పుడొకటి తియ్యి. మెల్లగా తొలిపి, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు ద్రావణంలో 15 నిమిషాలు ఉంచు. రంగు కారడం ఆగేదాకా కడిగి, పట్టిన రంగును 30 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి 550 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో చదువు. ఇదీ సెన్సరూ కలిసి పెరిగితే బయోఫిల్మే. సెన్సర్ ఒక్కటే ఎగిరి పడుతుంటే గాలి బుడగ.

ప్రశ్న:
స్లైడుకు బదులు ఆటోనగర్‌లో ఆక్రిలిక్ పలక కోయిస్తే సరిపోతుందా?

జవాబు:
సరిపోతుంది గానీ కోత గీతల దగ్గర కూడా వెలుగు చెదురుతుంది. అంచు నున్నగా పాలిష్ చేయించు. బిగించాక మొత్తానికి నల్ల టేపు చుట్టు, ఎండ తగిలితే నాచు పడుతుంది.