నీట్‌కి చివరి నెల: రోజూ గ్రాండ్ టెస్ట్ రాయాల్సిందేనా?

లాంగ్‌టర్మ్ అక్క

మా తమ్ముడు నీట్ లాంగ్‌టర్మ్‌లో ఉన్నాడు, అంటే ఇంటర్ అయ్యాక ఏడాది పాటు కోచింగ్. చివరి నెలంతా వాళ్ల క్యాంపస్‌లో రోజూ గ్రాండ్ టెస్టే, అసలు పరీక్షలాగే మొత్తం సిలబస్ మీద మూడు గంటల పేపర్. పొద్దున రాస్తాడు, మధ్యాహ్నం కీ చూసుకుంటాడు, సాయంత్రం మర్నాటి టెస్టుకి ఏదో తిరగేసి పడుకుంటాడు. మార్కులేమో 720కి 480కీ 510కీ మధ్యే ఊగుతున్నాయి. ఇంటికొచ్చేసి సొంతంగా చదువుకుంటానంటున్నాడు. "టెస్టులు మానేస్తే ర్యాంకెక్కణ్ణుంచి వస్తుంది" అని నాన్న. నాకు మాత్రం వాడు చెప్పేదే సబబనిపిస్తోంది. ఇక్కడ పరీక్ష రాసినవాళ్లూ, పాఠాలు చెప్పేవాళ్లూ ఉన్నారు కదా, మొహమాటం లేకుండా చెప్పండి.

చాక్‌పీసు సార్

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా, నేను మీ నాన్నగారి వైపు. ఫిజిక్స్ చెబుతాను, ఏటా ఈ సీజన్లో చూసేదే. ఇంటికెళ్లి చదువుకుంటాననే పిల్లలు రెండు మూడు రోజులు గట్టిగానే చదువుతారు. తర్వాత వచ్చిన చాప్టర్లే మళ్లీ చదువుతారు, రానివాటి జోలికి పోరు. టెస్టులో ఆ వెసులుబాటు ఉండదు.

పైగా 180 ప్రశ్నలకి 180 నిమిషాలు. ఓఎంఆర్ అనే జవాబుల షీటులో ఒక్కో బబుల్‌కి ఐదు సెకన్లు వేసుకున్నా దిద్దడానికే పావుగంట పోతుంది. బయాలజీ 90 ప్రశ్నలూ యాభై నిమిషాల లోపు తేల్చేస్తేనే ఫిజిక్స్‌కి ఊపిరాడుతుంది. 2025లో ఫిజిక్స్ ఎంత కష్టంగా ఇచ్చారో గుర్తుందిగా. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద టాప్ మార్కు 686. అంతకు ముందు ఏడాది 720కి 720 తెచ్చుకున్నవాళ్లున్నారు. అలాంటి పేపర్ చేతికొచ్చినప్పుడు ఏ ప్రశ్న పట్టుకోవాలో, ఏది వదిలేయాలో రాసీ రాసీ అలవాటు కావాల్సిందే.

ఎర్రర్ బుక్

సార్, కోపగించుకోకండి. ఆ అబ్బాయి టెస్టులు రాయకపోవడం వల్ల ఆగిపోలేదు కదా, రోజూ రాస్తూనే 500 దగ్గర ఆగాడు. అక్క రాసిన "మధ్యాహ్నం కీ చూసుకుంటాడు" అన్న ముక్క దగ్గరే నాకు అనుమానం. ఇప్పుడు ఎంబీబీఎస్‌లో ఉన్నాను, మా బ్యాచ్‌లో కీ చూడడమంటే ఏంటో చెప్తా. 37వ ప్రశ్నకి నేను 2 పెట్టాను, కీలో 3 ఉంది, ఒక ఇంటూ కొట్టు, 38కి పో. అంతే.

ఫిజిక్స్‌లో ఒక తీగ రెసిస్టెన్స్ అడిగారనుకోండి. ప్రశ్నలో ఇచ్చింది వ్యాసం. తొందరలో దాన్నే వ్యాసార్ధం అనుకుని వేస్తే అడ్డుకోత వైశాల్యం నాలుగింతలవుతుంది, రెసిస్టెన్స్ నాలుగో వంతుకి పడిపోతుంది. పేపర్ తయారుచేసినాయన ఆ నాలుగో వంతు జవాబుని కూడా ఆప్షన్లలో సిద్ధంగా పెడతాడు. మనవాడికి లెక్క తేలిందన్న సంతోషం, దిద్దేస్తాడు. కీ చూశాక "సిల్లీ మిస్టేక్" అని నవ్వేస్తాడు. పది రోజుల తర్వాత కెపిలరీ రైజ్ (సన్నని గొట్టంలో నీరు పైకెక్కడం) లెక్కలో మళ్లీ అదే తప్పు. ఇది సిల్లీ ఎలా అవుతుంది, అలవాటైతే? "వ్యాసం చూసి వ్యాసార్ధం వేశాను" అని నోట్‌బుక్కులో ఒక లైను రాసుకుంటే మూడోసారి ఆ మాట కనపడగానే పెన్ను ఆగుతుంది. మూడు గంటల పేపర్‌కి ఇలాంటి ఎనాలిసిస్ మరో మూడు గంటలు పడుతుంది. రోజూ టెస్టంటే ఆ మూడు గంటలు ఎక్కడివి?

మతిమరుపు మాస్టారు

మీరిద్దరూ టెస్టుని కొలిచే పరికరంగానే చూస్తున్నారు. రాయడం వల్ల చదివింది గట్టిపడుతుంది కూడా. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాలు ఆగి అడిగితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం, రాసినవాళ్లు 71. వారం పోయాక అడిగితే తిరగబడింది, చదివినవాళ్లకి 40 శాతం, రాసినవాళ్లకి 61.

అంచేత తమ్ముడు ఇంటికెళ్లి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు పదే పదే చదివితే ఆ పూటకి అంతా వచ్చేసినట్టే ఉంటుంది. వచ్చినట్టు అనిపించడమే ప్రమాదం. అయితే సార్, ఆ ప్రయోగంలో వాళ్లు నాలుగు ఆప్షన్లు చూసి బబుల్ దిద్దలేదు, ఖాళీ కాగితం మీద రాశారు. గ్రాండ్ టెస్టుకీ దానికీ తేడా ఉంది.

ఎర్రర్ బుక్

నేను పట్టుకున్నదీ ఆ తేడానే. గుండె చాప్టర్ చదివాక పుస్తకం మూసి, గుండె లయని నడిపే ఎస్ఏ నోడ్, ఏవీ నోడ్ ఎక్కడెక్కడుంటాయో గీయమనండి. ఎస్ఏ నోడ్ కుడి కర్ణికలో (గుండె పై గది) కుడివైపు పై మూలన, ఏవీ నోడ్ అదే కర్ణికలో ఎడమవైపు కింది మూలన. ఆప్షన్లలో కనపడితే "ఆ, తెలుసు" అంటారు. గీయమంటే సగంమంది ఏవీ నోడ్‌ని కింది గది జఠరికలోకి దించేస్తారు. ఇలాంటి చిన్న టెస్టు పెట్టుకోడానికి క్యాంపస్ అక్కర్లేదు, గ్రాండూ అక్కర్లేదు.

పావు మార్కు

మధ్యలో దూరుతున్నా. 500 దగ్గర ఆగినవాళ్లలో చాలామంది నెగెటివ్ భయంతో ఖాళీగా వదిలేస్తారు. కరెక్టయితే 4, తప్పయితే మైనస్ 1. కళ్లు మూసుకుని పెట్టినా ప్రశ్నకి సగటున పావు మార్కు లాభమే. ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే 0.67, రెండు కొట్టేయగలిగితే 1.5. తమ్ముణ్ణి ఎన్ని వదిలేస్తున్నాడో అడగండి.

చాక్‌పీసు సార్

లెక్క కరెక్టే, సలహా మాత్రం డేంజర్. ఆ సగటు నిజంగా చేతికందాలంటే అలాంటి ప్రశ్నలు బోలెడు ఉండాలి. ఇరవై గుడ్డిగా పెడితే సగటున వచ్చేది 5 మార్కులు. ఆ రోజు అదృష్టం బాగోక మూడే తగిలితే 12 వచ్చి 17 పోతాయి. రెండు ఆప్షన్లు కొట్టేశాక పెట్టమనండి, ఒప్పుకుంటా. ఆ తెగువ కూడా టెస్టుల్లోనే అలవడుతుంది, మళ్లీ నా మాటకే వచ్చాం.

జువాలజీ మేడం

ఎన్ని రాయాలన్న గొడవ సరే, ఏం రాస్తున్నాడో ఎవరూ అడగలేదు. 2021 నుంచి 2024 దాకా పేపర్లో 200 ప్రశ్నలు, 180 రాస్తే చాలు. నాలుగు సబ్జెక్టుల్లోనూ సెక్షన్ బీలో పదిహేనుకి పది ఎంచుకోవచ్చు. 2022 నుంచి 2024 వరకు టైం కూడా 200 నిమిషాలు. 2025లో ఆ ఛాయిస్ తీసేశారు. ఆ పాత పేపర్లని అలాగే ఇచ్చి మార్కులు వేస్తే ఉన్నదానికంటే ఎక్కువే కనపడతాయి. 2016 నుంచి 2020 వరకు పేపర్లు కొలతకి సరిపోతాయి కానీ సిలబస్ సరిపోదు. 2024లో సాలిడ్ స్టేట్, పాలిమర్స్, డైజెషన్, మినరల్ న్యూట్రిషన్ లాంటివి తీసేశారు కదా. అవి కొట్టేసి, ఆ మేరకు టైం కూడా తగ్గించి రాయాలి.

ఇంకోటి. చాలా చోట్ల టెస్టులు పొద్దున పెడతారు. అసలు పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. అన్నం తిన్నాక కళ్లు మూతలు పడే వేళ అది. చివరి రెండు వారాలైనా ఆ టైంలో రాయకపోతే 3 గంటల ప్రాంతంలో స్టేట్‌మెంట్ 1, స్టేట్‌మెంట్ 2 ప్రశ్నల్లో "కాదు" అన్న మాటే కంటికి ఆనదు.

లాంగ్‌టర్మ్ అక్క

మేడం, మీ మాట చూసి ఫోన్ చేశా. పొద్దున తొమ్మిదికేనట టెస్టు. రోజు విడిచి రోజు రాయనిస్తారా అని నాన్న అడిగితే కుదరదన్నారు, హాజరు తప్పనిసరట. వదిలేసిన ప్రశ్నల సంగతి కూడా అడిగాను. ఎక్కువ వదలట్లేదు, తప్పులే ఎక్కువ. 40కి పైగా తప్పులట, అందులో ఫిజిక్సే సగం.

ఎర్రర్ బుక్

అయితే పావు మార్కు గారి మందు ఇక్కడ పని చెయ్యదు. అక్కా, హాజరు తప్పదంటే కూర్చోనివ్వండి. ఒక రోజు పేపర్ మొత్తం పద్ధతిగా రాయమనండి. మర్నాడు ఫిజిక్స్ 45 మాత్రం గంటలో రాసి, మిగిలిన రెండు గంటలూ ముందు రోజు తప్పుల్ని కీ చూడకుండా మళ్లీ చేయమనండి. ఆ రోజు ర్యాంక్ లిస్టులో అడుగున ఉంటాడు, దానికి నాన్నగారిని ముందే సిద్ధం చేయండి.

చాక్‌పీసు సార్

దీనికి నేను ఒప్పుకోను. నెల రోజులు సగం సగం పేపర్లు రాసి అసలు పరీక్ష రోజు మూడు గంటలు ఏకబిగిన కూర్చోమంటే కూర్చోలేడు. రోజూ మొత్తం రాయమనండి, రాత్రి ఫిజిక్స్ తప్పులు మాత్రం తేల్చుకుంటే చాలు. బోటనీ, జువాలజీ తప్పులు ఆదివారం చూసుకోవచ్చు. ఇరవై ఫిజిక్స్ తప్పుల్లో పది సరిచేసుకున్నా, ఒక్కోదానికీ కొట్టేసే 1 మిగిలి పైన 4 వస్తాయి, ఐదేసి చొప్పున యాభై మార్కులు.

లాంగ్‌టర్మ్ అక్క

యాభై మాట నాన్నకి చదివి వినిపించా. ఇంకొక్కటి అడగాలి. 2025 పేపర్ వాడు ఇప్పటికే ఒకసారి రాశాడు. మళ్లీ రాస్తే ఉపయోగం ఉంటుందా, జవాబులు గుర్తుంటాయి కదా?

జువాలజీ మేడం

బయాలజీ వద్దు, ఆప్షన్ నంబర్లతో సహా గుర్తుంటాయి. ఫిజిక్స్ మాత్రం రాయమనండి, ఆప్షన్లు కాగితంతో కప్పేసి, జవాబు తేలాక తీసి చూడమనండి.