అప్‌డేట్: కొలవకముందే ఫోటాన్‌కి గుణం ఉంటుందా?

క్రితంసారి నేనడిగింది ఇదీ: ఫోటాన్ (కాంతి కణం) పోలరైజేషన్, అంటే దాని కాంతి ఊగే దిక్కు, ముందే ఖాయమై ఉంటుందా, కొలిచాకే తేలుతుందా? "బెల్ సిద్ధాంతం చూడు" అన్నవాళ్లకి డబుల్ థాంక్స్.

గుంటూరులో మా బాబాయి ఫిజిక్స్ లెక్చరర్. అరండల్‌పేటలో టీ కొట్టు దగ్గర పట్టుకుని అడిగా. జంటగా పుట్టించిన రెండు ఫోటాన్లని చెరోచోటికి పంపి కొలిస్తే ఫలితాలు ఒకదానితో ఒకటి పొంతనగా వస్తాయి. దీని మీద ముందు నా వాదనే నాకు అప్పజెప్పాడు: చెప్పుల జతలో ఒకటి బెజవాడకి, ఇంకోటి గుంటూరుకి పంపితే, ఇక్కడ ఎడమది కనబడగానే అక్కడున్నది కుడిదని తెలుస్తుంది, ఇందులో వింతేముంది అని. తర్వాత బిల్లు వెనక "2" అని రాసి సున్నా చుట్టాడు. గుణాలు ముందే ఖాయమై, ఒకచోటి కబురు ఇంకోచోటికి చేరకపోతే, రెండుచోట్లా కోణాలు మార్చి మార్చి కొలిచిన ఫలితాల పొంతనని లెక్కగడితే ఆ అంకె దాటకూడదట. ఈ దారి 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ వేసింది, బెల్ సిద్ధాంతం అంటే ఇదే. క్వాంటం సిద్ధాంతం లెక్క మాత్రం 2.83 దాకా పోతుంది. 1982లో పారిస్ దగ్గర ఓర్సేలో అలైన్ ఆస్పె బృందం ప్రయోగం చేసి 2 దాటించింది. ఆయనకీ, క్లౌజర్‌కీ, జైలింగర్‌కీ 2022లో నోబెల్ వచ్చింది ఇలాంటి ప్రయోగాలకే.

అయితే గుణం ముందు లేనట్టేగా అన్నా. "ఆగరా" అన్నాడు. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ 1952లో చెప్పిన పద్ధతిలో కణానికి ఎప్పుడూ కచ్చితమైన చోటుంటుంది, కాకపోతే ఇక్కడి కొలత ప్రభావం అక్కడ తక్షణం పడాలి. నాకు ఇదే నచ్చింది, బాబాయి ససేమిరా అంటున్నాడు.

"మనిషి చూస్తేనే లోకం ఉంటుంది" అన్నవాళ్లకి: ఈ ప్రయోగాల్లో కొలిచేది డిటెక్టర్, అంటే ఫోటాన్‌ని పసిగట్టే పరికరం. మనిషి టీకి వెళ్లినా అది నమోదు చేస్తూనే ఉంటుంది. ఇంకోటి, ఈ పొంతనతో బెజవాడ నుంచి గుంటూరుకి మెసేజ్ పంపడం కుదరదు. అడిగేశాను కూడా.