సమస్య: పాతిపెట్టిన వాఁడె పైపైకి వచ్చె

సంచాలకులు: నిన్న రాత్రి 1928 నాటి మూకీ ‘ద విండ్’ మళ్లీ చూశాను. దర్శకుడు విక్టర్ షోస్ట్రోమ్, లెట్టీగా లిలియన్ గిష్. వర్జీనియా నుంచి పశ్చిమ టెక్సాస్‌కి వచ్చిన ఆ పిల్ల, తనను చెరిచినవాణ్ణి కాల్చి ఇసుకలో పాతిపెడుతుంది. కిటికీలోంచి చూస్తుండగానే గాలి ఆ ఇసుకను ఊడ్చేస్తుంది. నాకు ఒళ్లు జలదరించింది, ఈ పాదం అక్కడే పుట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. విత్తనాలూ పాత అప్పులూ వద్దు, సినిమా దాటకండి.

కృష్ణాతీరం:
ఇసుక గాలిలో నొంటిగా నింతి యుండ
వాఁడు వచ్చెను బలిమితో; వలదటంచుఁ
బేల్చెఁ దూటాను, మట్టిలోఁ బెట్టెఁ గాని
పాతిపెట్టిన వాఁడె పైపైకి వచ్చె!

పాత రీలు:
ఎనిమిది విమాన పంకాల నెదురుగ నిడి
యిసుక లేపిరి మోహావి యెండలోన;
చేయి కాలెను తారకు, చిత్రమేమొ
పాతిపెట్టిన వాఁడె పైపైకి వచ్చె!

తుని మాస్టారు: కృష్ణాతీరం గారూ, ధార బాగుంది. మూడో పాదంలోనే మట్టిలో పెట్టేశాక నాలుగో పాదంలో మళ్లీ పాతడం ఎందుకండీ? పాత రీలు గారూ, షూటింగ్ జరిగిన ఆ ఎడారి పేరు మొహావీ. గణం కోసం మొదటి అక్షరాన్ని సాగదీశారు.

పాత రీలు: ఒప్పుకుంటున్నాను మాస్టారూ. కానీ ఆ పంకాల సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. 49 డిగ్రీల దాకా ఎండ! తలుపు పిడి పట్టుకుంటే గిష్ అరచేయి కాలిపోయింది. గాలి తెరమీద అంత నిజంగా ఉందంటే వాళ్లు పడ్డ ఆ కష్టం వల్లే.

కృష్ణాతీరం: మూడు పాదాలూ షూటింగ్ కబురే. సమస్య ‘చిత్రమేమొ’ అన్న ఒక్క దారానికి వేలాడుతోంది.

నాగావళి:
భయము వీడిన దింతికి, భర్తతోడఁ
దలుపు తెఱచి నిల్చెను; నాఁడు తానె కప్పి
శవము నిసుకలో వాయువే సాక్షియైన
పాతిపెట్టిన వాఁడె పైపైకి వచ్చె!

న్యాయంగా చంపితే శవాన్ని గాలే కప్పేస్తుందని చివర్లో లెట్టీ భర్త లైజ్ అంటాడు కదా.

సంచాలకులు: అద్భుతం! అందరూ పాతిపెట్టబడ్డవాణ్ణి లేపారు, మీరు పాతినవాణ్ణే రప్పించారు. దాంతో ‘పైపైకి’ కూడా మారిపోయింది. మట్టిలోంచి పైకి లేవడం పోయి, ఆ ఇద్దరి మీదమీదికి వీచడం అయింది.

కృష్ణాతీరం: విరుపు బాగుంది, కాదనను. కానీ డొరొతీ స్కార్బరో 1925 నవలలో లెట్టీ ఆ గాలిలోకే పరుగెత్తి ప్రాణం వదులుతుంది. తలుపు తెరిచి నిలబడడం సినిమావాళ్లు పెట్టిన ముగింపు. నాకు నవలే ఇష్టం.

నాగావళి: సమస్య సినిమా మీద కదండీ. పైగా ఆ తలుపు దగ్గర గిష్ ముఖం చూశాక నాకు వేరే ముగింపు అక్కర్లేదు.

తుని మాస్టారు: ముగింపు సరే, లింగం సంగతేమిటి? వాయువు నపుంసకం, ‘వాఁడె’ పుంలింగం. నాగావళి గారూ, చాప్లిన్ ‘గోల్డ్ రష్’ సమస్యలో నేను బూటును ‘వాఁడు’ అన్నానని మూడు రోజులు వదల్లేదు మీరు. ఆ పద్యంలో యతి ఎంత చక్కగా కుదిరిందో ఒక్కరూ చెప్పలేదు. అదే నియమం ఇక్కడా వర్తించాలి.

కృష్ణాతీరం: ఆ బూటు పద్యం నిజంగా మంచి పద్యం మాస్టారూ. అప్పుడే చెప్పాల్సింది.

నాగావళి: వర్తిస్తుంది మాస్టారూ. తప్పు నాదే, దిద్దుతున్నాను:

శవము నిసుకలోఁ బవనుఁడే సాక్షియైన

తుని మాస్టారు: ఇప్పుడు గాలికి ప్రాణం వచ్చింది. నా ఓటు దీనికే.