పి3హెచ్‌టీలో నానోట్యూబులు కలిపితే సెల్ షార్ట్ అవుతోంది, ఎవరికైనా దారి దొరికిందా?

సాగరతీరం: ఎం.టెక్ ప్రాజెక్టు కోసం పి3హెచ్‌టీ అనే, కాంతిని పట్టే పాలిమర్‌లో కార్బన్ నానోట్యూబులు కలిపి సోలార్ సెల్స్ చేస్తున్నాను. ఐటీఓ గాజు (కరెంటును పోనిచ్చే పారదర్శక పూత ఉన్న గాజు) మీద పూత చక్కగానే వస్తోంది. పైన అల్యూమినియం వేసి కొలిస్తే మాత్రం ఐ–వి (కరెంటు–వోల్టేజీ) గీత వంగదు, సున్నా గుండా తిన్నగా పోతుంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు, డయోడ్ చేయబోతే రెసిస్టర్ తయారైంది. ట్యూబుల మోతాదు తగ్గించినా అదే వరస.

నల్లమసి: మీ పొర మందం మహా అయితే 200 నానోమీటర్లు ఉంటుంది. ట్యూబు పొడవు మైక్రాన్, ఒక్కోసారి అంతకు మించి. కట్టగట్టిన ట్యూబులు నిలువుగా లేచాయంటే ఐటీఓకీ అల్యూమినియానికీ మీరే తీగ కలిపినట్టు. మేము ఐటీఓ మీద పెడాట్ (కరెంటును మోసే పాలిమర్) పొరను మందంగా వేశాక షార్టులు చాలావరకు పోయాయి. పూతకు ముందు సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. నారింజ రంగు ద్రవంలో నల్లటి నలుసులు తేలినా, అడుగున చేరినా అది పూతకు పనికిరాదు. సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో ట్యూబులను విడదీసే యంత్రంలో) గంటల తరబడి వదిలేయకండి, ట్యూబులు ముక్కలవుతాయి.

టోలీన్‌గది: షార్టులు పోయినంత మాత్రాన కరెంటు రాదండి. మామూలు పొడిలో సుమారు మూడో వంతు లోహ స్వభావమున్న ట్యూబులే. ఎక్సైటాన్ (కాంతి పడితే పుట్టే ఎలక్ట్రాన్–హోల్ జంట) చీలి కరెంటుగా మారేలోపే అవి దాన్ని మింగేస్తాయి. 2007లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చూపిన దారి మాకు కలిసొచ్చింది. టోలీన్‌లో పీఎఫ్ఓ అనే పాలిమర్ అర్ధవాహక ట్యూబులనే ఎంచుకుని చుట్టుకుంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మిగతావి అడుగుకు దిగుతాయి, పైతేట మనది. అయితే ఖరీదు పెట్టి కొన్న పొడిలో ఎక్కువ భాగం ఆ అడుగులోనే పోతుంది. పైగా పీఎఫ్ఓ ఎక్కువైతే ట్యూబుకూ, జతగా వాడే ఫుల్లరీన్‌కూ (ఎలక్ట్రాన్లను అందుకునే బంతిలాంటి కార్బన్ అణువుకూ) మధ్య అడ్డుపడుతుంది, కడగక తప్పదు.

సాగరతీరం: ఇంత చేస్తే ఎంత సామర్థ్యం రావచ్చు? మా గైడుగారు 5 శాతం అడుగుతున్నారు.

పాతకాపు: గైడుగారికి నచ్చజెప్పడం మీ వంతు! 2002లో కేంబ్రిడ్జిలో కిమాకిస్, అమరతుంగ చేసిన పాలిమర్–నానోట్యూబు సెల్ ఒక్క శాతానికి చాలా దూరంలో ఆగింది. 2014లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ట్యూబులను ఫుల్లరీన్‌తో జతచేసి 3 శాతం దాటించారు, అదే పెద్ద వార్త. ఫుల్లరీన్ లేని ఆర్గానిక్ సెల్స్ ఇప్పుడు 19 శాతం దాటేశాయి. నన్నడిగితే ట్యూబుకు కాంతిని పట్టే పని అప్పగించడమే దండగ. హోల్స్‌ను (ధనావేశాలను) మోసే పని ఇవ్వండి. అదే 2014లో ఆక్స్‌ఫర్డ్‌లో పి3హెచ్‌టీ చుట్టిన ట్యూబులను పీఎంఎంఏ అనే ప్లాస్టిక్‌లో పొదిగి పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసిన సెల్ మీద పూస్తే 15 శాతం దాటింది, తేమనూ తట్టుకుంది. మీ ఊరి ఉక్కలో ఆ గుణం అక్కరకొస్తుంది.

నల్లమసి: పెరోవ్‌స్కైట్ అంటే సీసం కదండీ! దాని వ్యర్థాలను వేరుగా పెట్టే ఏర్పాటు ల్యాబులో ఉందో లేదో ముందు కనుక్కోమనండి. గడువు దగ్గర పడితే పి3హెచ్‌టీ–పీసీబీఎం (ఫుల్లరీన్‌లో ఒక రకం) సెల్‌లోనే పెడాట్ బదులు ట్యూబుల పొర వేసి, మామూలు సెల్ పక్కన పెట్టి కొలవడం నయం.

సాగరతీరం: పీసీబీఎం ఉంది. అదే చేస్తాను. టోలీన్‌గది గారూ, మీ సెంట్రిఫ్యూజ్ వేగం ఎంతో చెప్పగలరా? మా దాంట్లో ట్యూబులు అడుగుకు దిగనంటున్నాయి.