మూడో నంబర్ బార్బీయా, నాలుగోదా? తెలిసినవాళ్ళు చెప్పండి

పాత పోనీటెయిల్ బార్బీలు (తొలినాళ్ళ బార్బీ బొమ్మలు, వచ్చిన వరసలో వాటిని నంబర్లతో పిలుస్తారు) సేకరించేవాళ్ళ సలహా కావాలి. బడ్జెట్ ఒక్క బొమ్మకే. 1959 నాటి మొదటి నంబర్ (పాదాల్లో రంధ్రాలు, వాటిలో రాగి గొట్టాలు) ఎలాగూ అందదు, దాన్ని వదిలేద్దాం.

ఎదురుగా ఉన్నవి రెండూ 1960వే. మూడో నంబర్‌కి నీలికళ్ళు, వంపు కనుబొమలు. ఒళ్ళు పాలిపోయి దంతపు రంగుకి వచ్చింది. ఆ తొలి వినైల్ (బొమ్మ ఒంటి ప్లాస్టిక్) తీరే అంత, దాన్ని లోపంగా లెక్కపెట్టను. గొడవంతా చెవి దగ్గరే: లోహపు కమ్మల వల్ల అర సెంటీమీటరు మేర ఆకుపచ్చ మరక. బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న మొటిమల క్రీమ్ రాస్తే తగ్గుతుంది గానీ, చుట్టుపక్కల వినైల్ కూడా తెల్లబడొచ్చు. ముఖం మీది రంగుకి తగిలితే అదీ వెలిసిపోతుంది. లోతుకి దిగిన మరకైతే కొన్నాళ్ళకి మళ్ళీ పైకి తేలొచ్చు.

నాలుగోదాని ఒంటిరంగు చెక్కుచెదరలేదు. మొండెం గట్టిది, బరువుంది (బోలు మొండెం ఐదో నంబర్ నుంచే). కానీ పెదవుల అంచు మరీ పదునుగా ఉంది, నుదుటి మీది ఉంగరాల జుట్టు విప్పి మళ్ళీ చుట్టినట్టుంది.

వీపు కింద 1966 అని చూపించి "అరవైల నాటిది" అని అమ్మేవాటి జోలికి పోవట్లేదు. అది ఒంటి అచ్చు (మూస) కాపీరైట్ ఏడాది, తొంభైల్లో మన దేశంలో తయారైనవాటి మీదా ఉంటుంది.

పెదవులకి మళ్ళీ రంగు వేశారో లేదో తేల్చడానికి అమ్మేవాళ్ళని ఏ కోణంలో, ఏ వెలుగులో ఫొటోలు అడగాలి? వేశారని తేలితే, పచ్చచెవి ఉన్నా అసలు రంగు మిగిలిన మూడో నంబరే మేలా? ఆ మరకకి ధరలో ఎంత శాతం తగ్గించమనొచ్చు?