ఎల్ఎంఎస్‌లో (ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్) కోర్సులు రోల్‌ను బట్టి వేయాలా, మనిషిని బట్టి వేయాలా?

ట్రైనింగ్‌డెస్క్:
మాది హైదరాబాద్ శివార్లలో మందుల ట్యాబ్లెట్లు తయారుచేసే ప్లాంటు. ఎల్ఎంఎస్‌లో 'ప్రొడక్షన్ ఆపరేటర్' అనే ఒక్క రోల్‌కే 112 ఎస్ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన పద్ధతులు) తగిలించి ఉన్నాయి. నిన్న చేరిన కుర్రాడికీ, పదేళ్లుగా ఒకే మెషీన్ మీద ఉన్నాయనకీ అన్నీ పడతాయి. ఎవరు ఏ మెషీన్ మీద చేస్తే దాని కోర్సులే వాళ్లకు వేద్దామంటే మా క్యూఏ (నాణ్యత విభాగం) ఒప్పుకోవడం లేదు. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

ఫైల్‌రూమ్:
మాకు ఇంకా ఎక్సెల్ షీటే.

క్యూఏ20ఏళ్లు:
మీ క్యూఏ చెప్పిందే కరెక్ట్. రోల్‌కు కట్టేస్తే ఎస్ఓపీ రివిజన్ 06 నుంచి 07కి మారగానే అందరికీ దానంతట అదే వెళ్తుంది. మనిషి వారీగా అయితే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. ఆడిటర్ ఏం చేస్తాడు? బ్యాచ్ రికార్డు తెరిచి, గ్రాన్యులేషన్ (పొడిని రేణువులుగా చేసే దశ) పేజీలో సంతకం ఉన్న మనిషి ట్రైనింగ్ ఫైల్ తెమ్మంటాడు. ట్రైనింగ్ తేదీ పని చేసిన తేదీ తర్వాత ఉంటే అబ్జర్వేషనే, అంటే ఆడిట్‌లో తప్పు రాసినట్టే. పాత కంపెనీలో నాకు ఇదే జరిగింది. మనిషి వారీ లిస్టులో ఒక్క పేరు జారిపోయింది. ఆ రాత్రి నేను ఇంటికే వెళ్లలేదు.

షిఫ్ట్‌బి:
నేను 9 ఏళ్లుగా ఆర్ఎంజీ (పొడిని తడిపి కలిపే మెషీన్) మీదే ఉన్నాను. కోటింగ్ (ట్యాబ్లెట్లకు పూత వేసే) గదిలో అడుగు పెట్టింది లేదు. అయినా కోటింగ్ ఎస్ఓపీలు 14 నా పేరు మీద ఓవర్‌డ్యూ. అప్రైజల్‌లో అది చూపించే ఇంక్రిమెంట్ కోసేశారు.

క్యూఏ20ఏళ్లు:
ఇంక్రిమెంట్ సంగతి వేరు, ఇది వేరు అండీ.

రూల్‌బుక్:
అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన 21 సీఎఫ్ఆర్ 211.25 చదవండి. ఉద్యోగి చేసే నిర్దిష్టమైన పనుల మీద శిక్షణ ఇవ్వాలి, జీఎంపీ (మంచి తయారీ పద్ధతులు) మీద కూడా ఇవ్వాలి అని ఉంది. అందరికీ ఒకే మూట కట్టమని లేదు.

క్యూఏ20ఏళ్లు:
'అప్పగించిన పనులు' అన్న మాట కూడా అక్కడే ఉంది. రేపు కోటింగ్‌లో మనిషి రాకపోతే షిఫ్ట్ ఇన్‌చార్జ్ షిఫ్ట్‌బి గారినే పంపుతారు. అదీ అప్పగించిన పనే.

రూల్‌బుక్:
పంపే ముందు వేయండి. ఒక మనిషికి ఒక కోర్సు వేయడం రెండు నిమిషాల పని.

క్యూఏ20ఏళ్లు:
రాత్రి 2 గంటలకు ఎవరు వేస్తారు? వేశాక ఆయన ఎప్పుడు చదువుతాడు?

మెయింటెనెన్స్:
ట్రైనింగ్ పూర్తి కాకపోతే మెషీన్ లాగిన్ అవ్వకుండా చేస్తే సరి.

క్యూఏ20ఏళ్లు:
అసలు చదివితే కదా! 22 పేజీలను నెక్స్ట్, నెక్స్ట్ అని రెండు నిమిషాల్లో ముగించి పాసైపోయేవాళ్లకు 112 వేస్తే ఏంటి, 20 వేస్తే ఏంటి?

షిఫ్ట్‌బి:
సార్, ఆ మాట అనకండి. గౌనింగ్ గది (ప్లాంటు దుస్తులు వేసుకునే చోటు) బయట రెండు కంప్యూటర్లు, షిఫ్ట్‌లో 60 మందిమి. ఒకదానికి మౌస్ పనిచేయదు. ఎస్ఓపీ మొత్తం ఇంగ్లీషులోనే. ఆఖరి తేదీ దగ్గరపడితే సూపర్‌వైజర్ మా పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాయించుకుని, ఆయనే కూర్చుని అందరివీ పూర్తి చేస్తాడు. నేను 'పాసైన' కోర్సులు నేనే చూడలేదు.

క్యూఏ20ఏళ్లు:
ఇది ఘోరం. ఎలక్ట్రానిక్ సంతకం ఒక్క మనిషిదే అయి ఉండాలని ఎఫ్‌డీఏ నిబంధనల పార్ట్ 11లో 1997 నుంచీ ఉంది. తెలిసి పాస్‌వర్డ్ ఎందుకిచ్చారు?

షిఫ్ట్‌బి:
ఇవ్వకపోతే ఓవర్‌డ్యూ నాది. ఇస్తే తప్పూ నాదే. పోయిన ఏడాది గ్రాన్యూల్స్‌లో తేమ ఎక్కువొచ్చింది. డ్రయ్యర్ ఫిల్టర్ బ్యాగ్ మార్చాలని రెండు వారాలుగా లాగ్‌బుక్‌లో రాస్తూనే ఉన్నాం. డీవియేషన్ (తేడా వచ్చినప్పుడు రాసే) రిపోర్టులో మాత్రం కారణం 'మానవ తప్పిదం', పరిష్కారం 'మళ్లీ శిక్షణ'. అదే ఎస్ఓపీ మళ్లీ నా పేరు మీద వేశారు. నా గొడవ 112 అంకెతో కాదు సార్. ఏం జరిగినా 'వీడికి ట్రైనింగ్ ఇచ్చాం' అని చూపించడానికే ఆ లిస్టు.

రూల్‌బుక్:
ఇది ముందే చెప్పాల్సింది.

క్యూఏ20ఏళ్లు:
నేనూ అలా రాశాను, కాదనను. రిపోర్టు మూయడానికి 30 రోజులు గడువిస్తారు. ఫిల్టర్ బ్యాగ్ కొనాలంటే పర్చేజ్ వాళ్ల చేతిలో ఉంటుంది, రీట్రైనింగ్ నా చేతిలో ఉంటుంది. కానీ లిస్టు తగ్గించినంత మాత్రాన ఆ రాతలు మారవు. రేపు ఆ 20లో ఒకటి లేదని మళ్లీ మీ మీదకే వస్తారు. అందుకే రోల్ వదలనంటున్నాను.

ట్రైనింగ్‌డెస్క్:
షిఫ్ట్‌బి గారూ, మీరు రోజూ నిజంగా వాడే ఎస్ఓపీలు ఏవో రాస్తారా? మా గ్రాన్యులేషన్ వాళ్ల లిస్టుతో పోల్చి చూస్తాను.

షిఫ్ట్‌బి:
ఆర్ఎంజీ ఆపరేషన్, క్లీనింగ్. ఎఫ్‌బీడీ (డ్రయ్యర్) ఆపరేషన్, క్లీనింగ్. సిఫ్టర్, జల్లెడ తనిఖీ. బైండర్ తయారీ. తూకం కాటా రోజువారీ చెకింగ్. లైన్ క్లియరెన్స్ (పాత బ్యాచ్‌ది ఏదీ మిగల్లేదని చూడటం). గౌనింగ్. స్టేటస్ లేబుళ్లు. లాగ్‌బుక్ నింపడం. డ్యూటీ దిగాక మిగతావి చూసి రాస్తాను, 20 దాటవు.

క్యూఏ20ఏళ్లు:
డర్టీ హోల్డ్ టైమ్ రాయలేదు. బ్యాచ్ అయ్యాక మెషీన్ ఎన్ని గంటల్లోపు కడగాలో అందులోనే ఉంటుంది.

షిఫ్ట్‌బి:
అది మా దగ్గర క్లీనింగ్ ఎస్ఓపీలోనే ఉంది సార్, 7.4లో. అది నేను చదివాను.